మంచు ఆరేలోగా పదో తరగతి

రేగడిపాడు (పిడుగురాళ్ల మీదుగా),
17 నవంబరు 1986.

విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శ్రీ అనంతపద్మనాభం గారి సముఖమునకు,

నమస్కారములు.

ఈ నెల మూడవ తేదీన ఈ ఊరి ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా బాధ్యత స్వీకరించాను. అంతకు ముందు పదహారేళ్ళు గుంటూరులో బాలికలకు సాంఘికశాస్త్రం బోధించాను. కొత్తగా పదోన్నతి పొందినవారికి ఆరు నెలలపాటు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు మార్గదర్శిగా ఉంటాడనీ, ప్రయాణ భత్యానికి నిధులు లేనందున ఆ మార్గదర్శకత్వం పోస్టులో జరుగుతుందనీ పై కార్యాలయం వారి ఉత్తర్వు. నా వంతుకు మీరు వచ్చారు. మీ వంతుకు నేను వచ్చినందుకు ముందుగానే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇక్కడి పరిస్థితి సంగ్రహంగా మనవి చేస్తాను. పాఠశాలకు పైకప్పు ఉన్నది. గంట ఉన్నది. తొమ్మిది మంది ఉపాధ్యాయులు ఉన్నారు. వారందరూ పిడుగురాళ్లలో కాపురముండి, తొమ్మిదిన్నర బస్సుకు వచ్చి నాలుగున్నర బస్సుకు వెళతారు. ప్రథమ సహాయకులు లక్ష్మీనరసింహం గారు రెండేళ్ళు ఇన్‌ఛార్జిగా పనిచేశారు. నేను చేరిన రోజున తాళాలగుత్తి నా చేతికిస్తూ, "ఏ తాళం దేనిదో మీకే నెమ్మదిగా తెలుస్తుంది మేడం" అన్నారు. నలభై రెండు తాళంచెవులు ఉన్నాయి. తలుపులు పదకొండు.

అసలు సంగతి పదో తరగతి. పట్టీలో నలభై ఒక్కమంది పేర్లున్నాయి. జనవరిలో మిరప కోతలు మొదలైతే వారిలో పదిమంది కూడా బడికి రారని, మార్చిలో పరీక్షకు మాత్రం అందరూ వస్తారని, ఫలితాలు ఆ క్రమంలోనే ఉంటాయని ఇక్కడివారు ఎంతో ప్రశాంతంగా చెబుతున్నారు.

మరొక మాట దాచకూడదు. ఈ పదోన్నతి ఇష్టం లేకపోతే ఫిబ్రవరి ఆఖరులోగా వదులుకోవచ్చునట. గుంటూరులో నా పాత స్థానం అంతవరకు ఖాళీగానే ఉంచుతారు. అది మా ఇంటికి పది నిమిషాల నడక. మావారు అక్కడే గుమాస్తా. నేను శనివారం బస్సుకు వెళ్ళి సోమవారం బస్సుకు వస్తున్నాను. ఈ కోతల కాలం గడిస్తే ఉంటాను. గడవకపోతే వెళతాను. ఏమి చేయవలసిందో సెలవియ్యగలరు.

విధేయురాలు,
జహీరున్నీసా


వేటపాలెం,
29 నవంబరు 1986.

శ్రీమతి జహీరున్నీసా గారికి,

ఆశీస్సులు. మీ లేఖ అందినది. ఆవక పుస్తకంలో మొదటి నంబరు వేసి నమోదు చేసుకున్నాను. పదవీవిరమణ తరువాత ఆవక పుస్తకం ఎందుకని ఇంట్లో ప్రశ్న వచ్చినది. అందుకే అని జవాబిచ్చాను.

పదకొండేళ్ళ ప్రధానోపాధ్యాయ అనుభవాన్ని ఒక్క లేఖలో ఇమడ్చడం సాధ్యం కాదు గనుక ప్రస్తుతానికి అత్యవసరమైనవి మాత్రమే తెలుపుతాను.

మొట్టమొదట, మీ కుర్చీ ఎటు చూస్తున్నదో గమనించండి. అది ద్వారానికి ఎదురుగా ఉండాలి. వచ్చేవాడు మిమ్మల్ని చూసేలోగా మీరు వాణ్ణి చూడాలి. పాలనలో సగభాగం ఇదే. మొదటి మూడు నెలలు నవ్వవద్దు. నాలుగో నెలలో అవసరాన్ని బట్టి ఆలోచించవచ్చు. నోటిమాటగా ఏదీ చెప్పవద్దు. మంచినీళ్ళ కుండ జరపాలన్నా కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.

ఇక పిల్లల గైరుహాజరు. దీనికి నా దగ్గర పరీక్షించిన మందు ఉన్నది. నేను హెడ్మాస్టరైన కొత్తలో జీడిగింజలు కొట్టే పని మూలంగా ఇక్కడి తరగతులు ఖాళీ అయినప్పుడు, తండ్రులకు సీలు వేసిన నోటీసులు పంపాను. గంటకు ముందే ముప్ఫై మంది తండ్రులు వరండాలో నిలబడ్డారు. ఆ ముసాయిదానే మీకు రాసి పంపుతున్నాను:

"ఇందుమూలముగా తమకు తెలియపరచునదేమనగా, తాము ఎంతమాత్రము జాప్యము చేయక, రాబోవు బుధవారము ఉదయము పది గంటలకు పాఠశాల యందు స్వయముగా హాజరు కావలెను. హాజరు కానివారిపై తదుపరి చర్య తీసుకొనబడును."

ఎందుకు రమ్మంటున్నారో మాత్రం రాయవద్దు. కారణం రాస్తే తండ్రి దానికి జవాబు ఆలోచించుకుని వస్తాడు. నోటీసును తలారి చేత పంపండి. బంట్రోతు చేత పంపితే గౌరవం తగ్గుతుంది.

నా ఆరోగ్యం బాగున్నది. తీరిక సమృద్ధిగా ఉన్నది. ఎన్ని ఉత్తరాలైనా రాయండి.

ఇట్లు,
అనంతపద్మనాభం,
మార్గదర్శి


రేగడిపాడు,
12 జనవరి 1987.

గౌరవనీయులైన మార్గదర్శి గారికి,

నమస్కారములు. మీ సలహాల అమలుపై నివేదిక సమర్పించుకుంటున్నాను.

కుర్చీని ద్వారానికి ఎదురుగా వేయించాను. మా ద్వారం పడమర ముఖం. మధ్యాహ్నం రెండు నుంచి బడి వదిలేవరకు ఎండ సూటిగా నా కళ్ళలో పడుతుంది. వచ్చేవారెవరో నాకు కనబడరు. కళ్ళు చికిలించుకుని కూర్చున్న నేను మాత్రం వీధి చివరి వరకు కనబడుతున్నానట.

నవ్వడం మానాను. వారం తిరక్కుండా డ్రిల్లు మాస్టారు లవంగనూనె తెచ్చి ఇచ్చారు. పంటినొప్పిని అశ్రద్ధ చేయవద్దన్నారు.

ఇక నోటీసులు. కోతలు మొదలై పదో తరగతిలో పదకొండుమంది మిగిలిన రోజున, మీ ముసాయిదాను ఒక్క అక్షరం మార్చకుండా నలభై ఒక్క ప్రతులు రాయించి, సీలు వేయించి, తలారి చేత పంపాను. మంగళవారం సాయంత్రానికి ఈ ఊళ్ళో మగవాళ్ళు లేరు.

కారణం తరువాత తెలిసింది. పోయినేడాది ఇదే రోజుల్లో మా పాఠశాల భవనంలో కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. మనిషికి ఇద్దర్ని తీసుకురావాలని ఉపాధ్యాయులకు లెక్క కట్టారు. అప్పుడు వెళ్ళిన పిలుపు కూడా తలారే పట్టుకెళ్ళాడు. దానిలోనూ స్వయముగా హాజరు కావలెనని ఉన్నది. దానిలోనూ ఎందుకో లేదు.

బుధవారం పది గంటలకు తండ్రులకు బదులు తల్లులు వచ్చారు. పాతికమంది దాకా ఉంటారు. ముందు నిలబడిన మనిషి పేరు ఎలీసమ్మ. మిరప కోతకు వెళ్ళే ముఠాకు మేస్త్రి. నా నోటీసును విసనకర్రలా మడిచి పట్టుకుంది.

"ఏందమ్మా టీచరమ్మా ఈ కాయితం? మా ఆయన ఇయ్యాల రాడు. రేపూ రాడు. సత్తెనపల్లిలో వాళ్ళక్క ఇంటికాడ కూసున్నాడు."

"నేను పిలిచింది మాట్లాడటానికమ్మా" అన్నాను.

"పోయినేడూ మాట్లాడటానికే అన్నారు. ఈ బెంచీలే బయటేసి మంచాలేశారు. నాకు నాలుగేళ్ళ కిందటే అయిపోయింది. మా ఇంటో నీకింకెవురూ మిగల్లా. పక్కిల్లు చూసుకో."

పిల్లల చదువు గురించి పిలిచానని చెప్పాను. ఆవిడ కాగితం విప్పి ముందూ వెనకా చూసింది.

"మరి ఆ ముక్క ఇందులో ఎందుకు రాయలా?"

రాస్తే తండ్రులు జవాబు ఆలోచించుకుని వస్తారని చెప్పలేకపోయాను. ఆడవాళ్ళందరూ నవ్వారు. మీ ఆంక్ష వల్ల నేను నవ్వలేదు. అందువల్ల వాళ్ళు మరింత నవ్వారు.

తండ్రులు నిన్నటి నుంచి ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. నేను వీధిలోకి వస్తే పక్క సందులోకి వెళుతున్నారు. తరగతిలో ఇంకా పదకొండుమందే. లక్ష్మీనరసింహం గారు ఎంతో మర్యాదగా, "గుంటూరులో మీ పాత స్థానం ఇంకా ఖాళీయేనా మేడం?" అని అడిగారు. ఖాళీయేనని చెప్పాను. అప్పటి నుంచి ఆ జవాబు నాకే వినబడుతోంది.

విధేయురాలు,
జహీరున్నీసా


వేటపాలెం,
17 జనవరి 1987.

శ్రీమతి జహీరున్నీసా గారికి,

ఆశీస్సులు. మీ నివేదికను రెండుసార్లు చదివాను. ముసాయిదాను మళ్ళీ పరిశీలించాను. దానిలో వైద్యానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు. కనుక లోపం ముసాయిదాది కాదు, చదువరులది. ఇటువంటి సందర్భాల్లో మొదటి నోటీసును రద్దు చేస్తూ రెండో నోటీసు, రెండోదానికి వివరణగా మూడోది పంపడం పద్ధతి. తలారికి రెండు రోజుల పని అవుతుంది.

కుర్చీ విషయంలో, ద్వారానికి గోనెపట్టా కట్టించండి. పట్టా వెనుక ఉన్న అధికారికి విలువ ఎక్కువ.

స్థానం వదులుకునే ఆలోచన సరికాదు. ప్రధానోపాధ్యాయుడు చలించడు. నేను పదకొండేళ్ళలో ఒక్క రోజూ చలించలేదు.

ఇక్కడ అన్నీ సక్రమంగా జరుగుతున్నాయి. ఇంటిపనికి కాలక్రమ పట్టిక తయారుచేసి వంటగదిలో అంటించాను. అమలులో కొన్ని సూక్ష్మమైన చిక్కులున్నాయి.

ఇట్లు,
అనంతపద్మనాభం,
మార్గదర్శి

అమ్మాయీ, కవరు అంటించమని నాకిచ్చారు కనుక ఈ నాలుగు ముక్కలు. నేను ఆయన భార్యను, రాజరాజేశ్వరిని. ఆ ఏడు ఆ ముప్ఫై మంది తండ్రులూ నోటీసు చూసి రాలేదు. ఆ రోజు జీడిపప్పు కంపెనీకి సెలవు. ఊరికే ఉన్నారు గనక వచ్చారు. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇంకో సంగతి. ఆయన రోజూ తొమ్మిదీ నలభై ఐదుకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధి మొగ దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వస్తున్నారు. వంటింట్లో అంటించిన పట్టికలో పోపుకు ఏడు నిమిషాలు ఇచ్చారు. ఆయన్ను మాత్రం ఉత్తరాలు అడగటం మానకు. నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం బాగా తింటున్నారు.


రేగడిపాడు,
2 ఫిబ్రవరి 1987.

మాస్టారు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అన్ని భాగాలతోనూ అందింది. రాజరాజేశ్వరి గారికి నా ప్రత్యేక నమస్కారాలు తెలియజేయండి.

రెండో నోటీసు పంపలేదు. గోనెపట్టా కట్టించలేదు. ఈ రెండింటికీ సంజాయిషీ ఇచ్చుకుంటాను.

ఎలీసమ్మ ముఠాలో అరవైమంది ఉన్నారు. పట్టీ లేదు, గంట లేదు. రోజుకు ఒకరిద్దరికి మించి తప్పరు. ఇది ఎలా సాధ్యమో తెలుసుకోవాలని, కిందటి నెల ఒక తెల్లవారుజామున ఆవిడ వెంట పేట అంతా తిరిగాను. ప్రతి గుమ్మం ముందూ నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది. మా పదో తరగతి కరీమున్ వాళ్ళ గుమ్మం దగ్గర, "ఒసే కరీమున్, ఇయ్యాల వస్తావా?" అంది. లోపలి నుంచి వస్తానని జవాబు వచ్చింది.

"నిన్న ఆ పిల్ల రాలేదన్నావు కదా. ఎందుకు రాలేదని అడగవా?" అన్నాను.

"అడిగితే ఓ అబద్ధం చెబుద్ది. ఆ అబద్ధాన్ని గుర్తుపెట్టుకు తిరగటం నాకెందుకమ్మా? ఇయ్యాల వచ్చుద్దా రాదా, అదే నాక్కావలసింది."

మాస్టారూ, నా బల్ల సొరుగులో నిన్నటి గైరుహాజరుకు పిల్లలు రాసిచ్చిన సంజాయిషీలు ఒక కట్ట ఉన్నాయి. వాటి ప్రకారం ఈ ఊళ్ళో కడుపునొప్పి అంటువ్యాధి.

ఇంత పొద్దున్నే అందర్నీ లేపి ఏం చేస్తావని అడిగాను.

"ఎవురు ఏ చేలోకో తేల్చుకోవాలిగా. కోత మాత్రం తొమ్మిది దాటినాకే. మంచు ఆరకుండా కాయ ముట్టుకుంటే కల్లంలో మచ్చ తేలుద్ది. రైతు ఊరుకుంటాడా?"

"మరి ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలేం చేస్తారు?"

"ఏం చేస్తారు, చలి కాగుతారు."

నేను ఆ వీధి మధ్యలో నిలబడిపోయాను. మన గంట మోగేది తొమ్మిదీ నలభై ఐదుకు. మంచు ఆరేదీ అప్పుడే. ఈ పాఠశాల పెట్టిన నాటి నుంచి గంటా మిరపచేనూ ఒకే వేళకు పిల్లల్ని పిలుస్తున్నాయి. ప్రతి ఏడూ మిరపచేను భారీ మెజారిటీతో గెలుస్తోంది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. గంట వేళ మార్చి చూద్దామని కూడా ఎవరికీ తోచలేదు.

ఆ వేళ వాళ్ళకు నేను పాఠం చెబుతానన్నాను. ఒప్పందం అక్కడే కుదిరింది. "చెబితే చెప్పుకో. తొమ్మిదికి మాత్రం నా పిల్లల్ని నాకు ఒప్పజెప్పు" అంది. పని మానమని నేను అనలేకపోయాను. చదువు మానమని ఆవిడ అనలేదు. ఆవిడ తన పిలుపులో బడి మాట కూడా కలిపింది. మర్నాడు ఆరున్నరకు పదో తరగతిలో ముప్ఫై ఆరుమంది కూర్చున్నారు. కొందరు కళ్ళు నులుముకోబోయి, నిన్న మిరపకాయ పట్టిన చేతులు గుర్తొచ్చి ఆగారు.

ఇక చిక్కులు. మా ఉపాధ్యాయుల బస్సు తొమ్మిదిన్నరకు గానీ రాదు. ఆరున్నరకు ఊళ్ళో ఉండే బోధనా సిబ్బంది నేనొక్కదాన్నే. సోమవారం తరగతి తప్పకూడదని గుంటూరు నుంచి ఆదివారమే వచ్చేస్తున్నాను. తెలుగు, సాంఘికం చెబుతున్నాను. సామాన్యశాస్త్రం పైకి చదివిస్తున్నాను. గణితంలో నాకూ పిల్లలకూ అభిప్రాయభేదం లేదు, ఎవరికీ రాదు. అక్కడ ముప్ఫై ఆరుమందీ తప్పుతారు. ఈలోగా పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా పాఠశాల వేళలు మార్చడానికి కారణమేమిటో పదిహేను రోజుల్లో తెలపాలట.

నేను అలసిపోయాను, మాస్టారూ. పదోన్నతి వదులుకుంటూ దరఖాస్తు రాశాను. నిబంధన ప్రకారం అది సంస్థ ప్రధానోపాధ్యాయుల ద్వారా, వారి అభిప్రాయంతో పై కార్యాలయానికి వెళ్ళాలి. ఈ సంస్థ ప్రధానోపాధ్యాయిని నేనే. దరఖాస్తు అడుగున "సిఫారసు చేయడమైనది / చేయలేదు" అని అచ్చు వేసి ఉంది. ఒకటి కొట్టివేయాలి. మూడు రోజులుగా ఆ కాగితం బల్ల మీద ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తిరుగుతోంది. ఏది కొట్టివేయాలో మీరు చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను.

జహీరున్నీసా


వేటపాలెం,
8 ఫిబ్రవరి 1987.

అమ్మా జహీరున్నీసా,

ఏది కొట్టివేయాలో నాకు తెలియదు. ఈ వాక్యం నేను ఇంతవరకు ఎవరికీ రాసి ఇవ్వలేదు.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే మా ఆవిడ వింటూ కూర్చుంది. ప్రత్యేక నమస్కారాలు దేనికని అడిగాను. కవరు సంగతి ఒప్పుకుంది. జీడిపప్పు కంపెనీ సెలవు సంగతి కూడా చెప్పింది. పదకొండేళ్ళు ఆ నోటీసును నా ఘనతగా చెప్పుకున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి ఉపాధ్యాయుడికీ చెప్పాను. నీకు ముసాయిదా రాసి పంపాను. అందుకు నిన్ను క్షమించమని అడుగుతున్నాను.

చలించలేదన్నది కూడా నిజం కాదు. హెడ్మాస్టరైన మొదటి ఏడు, ప్రతి మధ్యాహ్నం సైన్సు గది తలుపు వేసుకుని అరగంట కూర్చునేవాణ్ణి. పరికరాలు తనిఖీ చేస్తున్నానని అందరూ అనుకున్నారు. అక్కడ ఉన్నది ఒక త్రాసు. నన్ను అడిగేవారు లేరు. నేను అడగడానికీ ఎవరూ లేరు. ఒక ఎలీసమ్మ వెంట నడిచి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు.

కనుక సలహాలు ఆపుతున్నాను. నా అసలు సబ్జెక్టు గణితం. ఇరవై రెండేళ్ళు అదే చెప్పి, తరువాత కుర్చీ కోసం వదిలేశాను. ఈ కింది దరఖాస్తును పరిశీలించవలసింది.

ప్రధానోపాధ్యాయిని గారికి: రేగడిపాడు పదో తరగతికి పరీక్షలు ముగిసేవరకు, ప్రతి ఉదయం, ఏ ప్రతిఫలమూ లేకుండా గణితం చెప్పుకోవడానికి అనుమతి కోరుతున్నాను. వయస్సు యాభై ఎనిమిది. మోకాళ్ళు మధ్యరకం. నా మీద అధికారం ప్రధానోపాధ్యాయినికి ఉంటుందని అంగీకరిస్తున్నాను. ఈ దరఖాస్తును సక్రమ మార్గంలో, నేను ప్రస్తుతం ఉంటున్న సంస్థ అధిపతి ద్వారా పంపుతున్నాను.

అనంతపద్మనాభం

సంస్థ అధిపతి అభిప్రాయం: గట్టిగా సిఫారసు చేయడమైనది. వీరిని ఎప్పుడు పంపమంటే అప్పుడు, అవసరమైతే అంతకంటే ముందే, విడుదల చేయగలను. వీరు లేనందువల్ల ఇక్కడి వంటపనికి అంతరాయం కలగదు. రాజరాజేశ్వరి.


రేగడిపాడు,
13 ఫిబ్రవరి 1987.

మాస్టారు గారికి,

నమస్కారాలు. మీ దరఖాస్తు సక్రమ మార్గంలో అందింది. అధిపతి గారి అభిప్రాయాన్ని దృష్టిలో ఉంచుకుని, 16వ తేదీ సోమవారం నుంచి మిమ్మల్ని గణితం చెప్పడానికి అనుమతిస్తున్నాను. ఆదివారం సాయంత్రానికే చేరండి. పాఠశాల వెనుక నేనుండే ఇంట్లో ముందుగది మీకు. నేనూ వంటమనిషి రసూల్‌బీ వెనుక భాగంలో ఉంటాము. పప్పులో కూడా కారం ఉంటుంది. ఈ ఊళ్ళో దానికి మినహాయింపు లేదు.

షరతులు కొన్ని ఉన్నాయి. తరగతి ఆరున్నరకు మొదలై, ఎనిమిదీ యాభైకి ముగియాలి. లెక్క మధ్యలో ఉన్నా ముగియాలి. ఎలీసమ్మకు రాతపూర్వకంగా ఏమీ పంపకూడదు. మీ పేరు అడిగింది. చెప్పాను. "ఇంత పొడుగు పేరు పొద్దున్నే ఎవురు పిలుస్తారు" అని, మిమ్మల్ని పద్దయ్య అని పిలవడానికి నిశ్చయించింది. అప్పీలుకు అవకాశం లేదు.

మెమోకు సమాధానం పంపాను. మంచు సంగతి ఉన్నది ఉన్నట్టు రాశాను. నన్ను మెమోతో ఒంటరిగా చూసి లక్ష్మీనరసింహం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "వేళలు మార్చాం అనకండి మేడం. మామూలు వేళలు అలాగే ఉన్నాయి, అదనంగా ఒక తరగతి జరుగుతోంది అనండి. అదనానికి అనుమతి అడగాలని ఏ నిబంధనలోనూ లేదు. రెండేళ్ళూ నేను బతికింది ఇలాగే" అన్నారు. ఆ వాక్యం ఆయనే రాశారు. చేతిరాత చక్కగా ఉంది. మిగిలిన ముప్ఫై ఒక్క తాళంచెవులు దేనివని అప్పుడే అడిగాను. ఆయనకూ తెలియదట. రెండేళ్ళుగా ఎవర్నీ అడగలేకపోయారట.

మావారికి నిన్న ఉత్తరం రాశాను. ఆయన జవాబు ఏమి వస్తుందో నాకు తెలుసు. శనివారం బస్సు ఉందిగా అంటారు.

ఇక పదోన్నతి వదులుకునే దరఖాస్తు. దానిని ఈ ఉదయం, తరగతి అయ్యాక, ప్రధానోపాధ్యాయినిగా పరిశీలించాను. దరఖాస్తుదారు పదహారేళ్ళ సర్వీసు గలవారు. అలసట గురించి ఆమె చెప్పినది వాస్తవమే. అయితే ఆమె లేకపోతే ఆరున్నరకు తలుపు తీసేవారు ఈ సంస్థలో మరొకరు లేరు. ముప్ఫై ఆరుమంది పరీక్షకు ఇంకా ఐదు వారాలున్నాయి. కాబట్టి "చేయడమైనది" అన్న మాట కొట్టివేసి సంతకం చేశాను.

నిర్ణయాన్ని దరఖాస్తుదారుకు మౌఖికంగా తెలియజేశాను. ఆమె విన్నది. కారణం అడగలేదు.

జహీరున్నీసా,
ప్రధానోపాధ్యాయిని